కోతకు ముందు సూది

61వ ఏడు, 43వ దినం

ఈ పూట మైనం కరగడానికే గంట పైన పట్టింది. మా గదికి కరెంటు వచ్చేది పొద్దున రెండు గంటలే. మూడో సొరంగంలో గాలి ఫ్యాన్లు కడుగుతున్నారని అందులోనూ కోత పెట్టారు. అడగడానికి లేదు. ముందు గాలి, తర్వాతే ఏదైనా. నేల కింద ఈ ఎర్రబిలంలో పుట్టినవాళ్ళకు ఈ మాట ఎవరూ నేర్పక్కర్లేదు.

నా పని ముక్క పరీక్ష. డాక్టర్ వకుళాదేవి ఒంట్లోంచి తీసిన ముక్కకు చుట్టూ సిరా పూసి, మైనంలో పోసి గట్టిపడ్డాక ఉల్లిపొరకన్నా పల్చగా కోసి గాజుపలక మీద పరుస్తాను. మూడేళ్ళ కిందట వచ్చిన యంత్రం ఆ పలకను చూసి రోగమేదో అదే పూట చెబుతుంది. మేం దాన్ని చదువరి అంటాం. అంతకుముందు పలకలన్నీ బండిలో కోటబిలం పెద్దాసుపత్రికి పోవాల్సిందే. పైన నేల మీద ఎండ మనిషిని నిలవనివ్వదు కాబట్టి బండి రోజుకు మూడు గంటలే నడిచేది. జవాబు వచ్చేసరికి నలభై దినాలు.

ఈ రోజు వచ్చింది ఖాజాబీ రొమ్ములోంచి తీసిన గడ్డ. నిమ్మకాయంత ఉంది. సిరా ఎందుకు పూస్తామంటే, రోగం సిరాను తాకితే కోత రోగం మధ్యలోంచే పోయిందని, మిగిలింది ఇంకా ఒంట్లోనే ఉందని తెలుస్తుంది. ఖాజాబీ పలకలో మూడు వైపులా తాకింది. ఆమెను మళ్ళీ కోయాలి.

డాక్టరమ్మకు చెప్పాను. ఆమె తల ఊపి, గాయం ఆరాక రెండో కోతకు తేదీ రాయమంది. ఎప్పుడూ ఇంతే. క్యాన్సరో కాదో తేల్చుకోవడానికి గడ్డంతా తీస్తారు. ఇంకా తేలలేదు కాబట్టి చుట్టూ ఎంత తీయాలో తెలియదు, తక్కువే తీస్తారు. తేలాక మళ్ళీ కోస్తారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న పనే. ఈ పూట మాత్రం చేతులు కడుక్కుంటూ ఆగిపోయాను. ఏడాది తిరిగేలోగా ఖాజాబీ ఐదో మనిషి. ఐదుగురిలో నలుగురికి రెండో కోత.

ఈ పుస్తకంలో నేను రాయాల్సింది ముక్క నంబరు, మైనం వేడి, పలకలు ఎన్ని అనేదే. మిగతాది ఎవరైనా వద్దంటే ఆ కాగితాలు చించేస్తాను.

61వ ఏడు, 47వ దినం

పాత మైనం దిమ్మలన్నీ ఉప్పుగదిలో ఉంటాయి. నాలుగు దినాలుగా పని అయ్యాక అక్కడికే పోతున్నాను. ఇరవై ఆరేళ్ళలో రొమ్ము క్యాన్సర్ తేలిన ఆడవాళ్ళు అరవై ముగ్గురు. నలభై తొమ్మిది మందికి ముందే కోత. పద్నాలుగు మందికి సూది.

సూదివాళ్ళందరూ డాక్టర్ ఇలియాస్ కాలంవాళ్ళు. ఆయన ఇక్కడ మూడేళ్ళే ఉన్నాడు. గడ్డను కోయకుండా లావుపాటి బోలు సూది దించి, అన్నం మెతుకంత ముక్కలు నాలుగైదు తీసేవాడు. వాటిని కోటబిలం పంపి, జవాబు వచ్చాక ఒకేసారి కోసేవాడు. ఆయన సూది గుచ్చినవాళ్ళలో ఈశ్వరమ్మ అని నాపరాయి కోసే మనిషి ఉండేది. సూది పడిన నాలుగు నెలలకు ఆమె నడుము విరిగి మంచాన పడింది, ఆరో నెలలో పోయింది. గడ్డను గుచ్చి రేపినాడు, రోగం ఒళ్ళంతా పారింది అన్నారు జనం. ఒక పూట యాభై మంది ఆసుపత్రి వాకిట్లో కూర్చున్నారు. ఇలియాస్ తర్వాతి బండిలో వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఎర్రబిలంలో రొమ్ముకు సూది లేదు. కత్తితో తీసేస్తే పోతుంది, సూదితో కెలికితే రేగుతుంది. మా అమ్మ కూడా ఇదే చెప్పేది.

నలభై తొమ్మిది మందిలో ఇరవై ఐదో నంబరు మా అక్కది. సుబ్బరత్న. ఆ ముక్కకు సిరా పూసింది నేనే. రెండు వైపులా తాకింది. బండి జవాబు తెచ్చేసరికి గాయం చెమ్మకు చీము పట్టి ఉంది. అది మాని, రెండో కోత అయ్యి, మందు మొదలయ్యేసరికి నాలుగు నెలలు దాటింది. మూడో ఏడు అక్క పోయింది. వాళ్ళ పాపకు అప్పుడు ఐదేళ్ళు.

ఆ దిమ్మను చేతిలోకి తీసుకోలేదు. నంబరు చూసి రాసుకున్నాను.

61వ ఏడు, 52వ దినం

మస్తానమ్మ వచ్చింది. ఫ్యాన్ల సొరంగంలో మేస్త్రీ. ముప్పై ఎనిమిదేళ్ళు, చేతుల నిండా గ్రీజు. ఎడమ రొమ్ములో గడ్డ ఉందని తనే తడుముకుని కనుక్కుంది. డాక్టరమ్మ చూసి తొమ్మిది దినాలకు కోత రాసింది. మస్తానమ్మ నెమ్మదిపడింది. తొందరగా తీసేయండి, నాకు సూది మాత్రం వద్దు అంది.

ఎవరూ సూది మాట ఎత్తలేదు. అయినా ఆమె అంది. ఎందుకంటే ఆమె ఈశ్వరమ్మ కూతురు.

61వ ఏడు, 53వ దినం

నా లెక్క డాక్టరమ్మ ముందు పెట్టాను. ముందే కోత పడిన నలభై తొమ్మిది మందిలో రెండో కోత ముప్పై ఆరుగురికి. పదేళ్ళలోపు పోయినవాళ్ళు ఇరవై ఇద్దరు. సూదివాళ్ళు పద్నాలుగు మందిలో రెండో కోత ఇద్దరికి, పోయినవాళ్ళు ముగ్గురు.

ఆమె రెండుసార్లు చదివింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. ఈ బిలంలో సగం మందిని తల్లి కడుపులోంచి ఆమే బయటికి తీసింది. నన్ను కూడా.

"సూది ఎవరికి వేయాలని ఇలియాస్ ఎట్లా ఎంచుకున్నాడు, పెంచలా?"

అది నేను చూడలేదన్నాను.

"చిన్న గడ్డలవాళ్ళకే వేసినాడేమో. చిన్న గడ్డ ఉన్నోళ్ళు ఎట్లా చేసినా ఎక్కువ కాలం బతుకుతారు. నీ లెక్క సూదిని కొలిచిందా, గడ్డను కొలిచిందా?"

నాకు కోపం వచ్చింది. తప్పు ఒప్పుకోవడం ఇష్టం లేక తప్పించుకుంటోంది అనుకున్నాను. గదికి వచ్చి ఆ కాగితాన్ని మళ్ళీ చూస్తే కోపం దిగిపోయింది. ఆమె అడిగింది సరైన ప్రశ్న. నన్ను నేను అది అడగకుండానే లెక్క రాశాను. మా అక్క చనిపోయింది కాబట్టి నాకు జవాబు ముందే తెలిసినట్టు రాశాను.

61వ ఏడు, 57వ దినం

మళ్ళీ మొదటి నుంచి. సూదివాళ్ళలో ఒక్కొక్కరికీ జోడు వెతికాను. అదే వయసు, అంతే గడ్డ, చంక గ్రంథుల్లో రోగపు బిళ్ళలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పద్నాలుగు మందిలో తొమ్మిది మందికే జోడు దొరికింది. ఈశ్వరమ్మకు దొరకలేదు. ఆమె గడ్డ అంత పెద్దది ఇంకొకరిది లేదు. డాక్టరమ్మ అనుమానం సగం నిజమే. ఇలియాస్ సూది వేసినవాళ్ళలో చిన్న గడ్డలే ఎక్కువ.

తొమ్మిది జోళ్ళలో తేలింది ఇది. ముందే కోత పడినవాళ్ళలో ఏడుగురికి రెండో కోత, సూదివాళ్ళలో ఒకరికి. మొదటి పరీక్ష నుంచి మందు మొదలయ్యేదాకా కోతవాళ్ళకు నూట ఇరవై దినాలు, సూదివాళ్ళకు యాభై ఐదు. బండి ఆలస్యం ఇద్దరికీ ఒక్కటే. తేడా అంతా గాయం మానడంలోనే ఉంది. పదేళ్ళలోపు పోయినవాళ్ళు కోతలో నలుగురు, సూదిలో ఇద్దరు.

నాలుగుకూ రెండుకూ ఉన్న తేడా పద్ధతి వల్ల వచ్చిందో, ఊరికే అట్లా పడిందో తొమ్మిది మందిని చూసి చెప్పలేను. రెండో కోత గురించి, పోగొట్టుకున్న దినాల గురించి చెప్పగలను. అదే రాసి ఇచ్చాను. అక్క పేరు ఏ జోడులోనూ లేదు. ఆమెకు సరిపోయే సూది మనిషి దొరకలేదు.

డాక్టరమ్మ ఈసారి వెంటనే ఒప్పుకుంది. బండి కాలంలో పెద్ద ముక్క అయితేనే దారిలో చెడకుండా నిలుస్తుందనుకున్నామని, అందుకే కోత అలవాటయిందని, చదువరి వచ్చిన దినమే ఆ అలవాటు మానుకోవాల్సిందని అంది. కానీ మానుకున్నా మస్తానమ్మ ఒప్పుకోదు. కోతకు ఇంకా నాలుగు దినాలే ఉన్నాయి.

"వాళ్ళమ్మ సంగతి ఏం చెప్తావు ఆమెకు?" అని అడిగింది.

సూదివల్ల రోగం పాకదని పుస్తకాల్లో ఉన్నది చెబుదామన్నాను. అమ్మను మోసిన కూతురికి పుస్తకం చూపిస్తావా అంది డాక్టరమ్మ.

61వ ఏడు, 58వ దినం

నాపరాయి కోసేవాళ్ళకు ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, రాతి ధూళి ఊపిరితిత్తుల్లో ఎంత చేరిందో చూడడానికి. ఆ పని మా ఆసుపత్రిది కాదు, గనుల ఆఫీసుది. వాళ్ళ ఫిల్ములు వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఈశ్వరమ్మ రాయి కోసేదని ఇన్నాళ్ళూ తెలిసి కూడా నాకు ఈ పొద్దే తట్టింది.

అక్కడి గుమాస్తా మంచివాడు. పెట్టెలన్నీ దించాడు. మధ్యాహ్నం దాకా వెతికితే దొరికింది. ఫిల్ము మూలన తేదీ ఉంది. సూది గుచ్చడానికి పదకొండు దినాల ముందు తీసింది. కింద ఎవరిదో చేతిరాత, ధూళి తక్కువ, పనికి పోవచ్చు అని.

పేరున్న మూలను కాగితంతో మూసి డాక్టరమ్మ దీపపు పలక మీద పెట్టాను. ఎవరిదో చెప్పలేదు. ఆమె కళ్ళద్దాలు మార్చుకుని వంగి చూసింది.

"ఊపిరితిత్తులు బాగుండాయి. ఎముకలు చూడు. ఈ పక్క రెండు పక్కటెముకలు తినేసినాది. వెన్నులో కూడా ఉండాది. ఎక్కడో మొదలై ఎముకల్లోకి వచ్చిన క్యాన్సర్ ఇది. ఎవరిది?"

కాగితం తీశాను. ఆమె పేరు చదివింది, తేదీ చదివింది. కుర్చీలో కూర్చుంది.

ఆ కాలంలో ధూళి కోసం చూసినవాళ్ళు ధూళినే చూశారు. రొమ్ము కోసం చూసిన ఇలియాస్‌కు ఈ ఫిల్ము ఉందని కూడా తెలియదు. రెండు ఆఫీసుల మధ్య దూరం నూరు అడుగులు. సూది ఈశ్వరమ్మను చంపలేదు. అది గుచ్చేసరికే రోగం వెన్నుకు చేరి ఉంది.

డాక్టరమ్మ అప్పుడు ఒక మాట అంది. ఆ పొద్దు వాకిట్లో యాభై మంది కూర్చున్నప్పుడు తను కిటికీలోంచి చూస్తూ నిలబడిందట. ఇలియాస్ పక్కన పోయి నిలబడలేదట. తనకూ అనుమానం ఉండిందట.

61వ ఏడు, 59వ దినం

ఫిల్ము తీసుకుని ఫ్యాన్ల సొరంగానికి నేనే పోయాను. డాక్టరమ్మ వస్తానంది, వద్దన్నాను. తెల్లకోటు చూస్తే మస్తానమ్మ సరే సరే అని తల ఊపి ఇంటికి పోతుంది. ఆ తర్వాత చేసేది చేస్తుంది.

ఆమె రెక్కల బురద గీకుతోంది. పని ఆపి నా పక్కన రాతి మీద కూర్చుంది. నేను దాచకుండా అంతా చెప్పాను. ఫిల్మును పైదీపానికి ఎత్తిపట్టి, తినేసిన ఎముకలు వేలితో చూపించాను. తేదీ చూపించాను. వాళ్ళమ్మకు సూది ఎప్పుడు పడిందో ఆమెకు నాకన్నా బాగా గుర్తుంది. ఆ దినం ఉలవచారు చేసుకుని ఆసుపత్రికి తెచ్చిందట.

ఆమె ఏడవలేదు. ఫిల్మును నా చేతిలోంచి తీసుకుని తనే ఎత్తిపట్టి చూసింది.

"ఇది ఇన్నేళ్ళూ యాడుండింది అక్కా?"

గనుల ఆఫీసులో అన్నాను.

"మాకెవరూ ఎందుకు చెప్పలేదు?"

ఎవరూ చూడలేదు అన్నాను. అదే నిజం.

అప్పుడు ఆమె చెప్పడం మొదలుపెట్టింది. సూదికి ముందే వాళ్ళమ్మ నడుము నొప్పి అనేదట. రాయి మోసే మనిషికి నడుము నొప్పి వింతా అని తనే వేడినీళ్ళ కాపడం పెట్టేదట. ఆమె పోయాక ఇలియాస్ ముఖాన మన్ను చల్లింది కూడా తనేనట, పదిహేడేళ్ళప్పుడు. ఆయన తుడుచుకోకుండా అట్లనే నిలబడినాడట. ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడని అడిగింది. తెలియదన్నాను.

తర్వాత చాలా ప్రశ్నలు వేసింది. సూది ఎంత లావు, ఎన్నిసార్లు దించుతారు, గుచ్చిన దారి వెంట రోగం ఒక్క చుక్క కూడా పాకదా. పాకనే పాకదని నేను ప్రమాణం చేయలేనని చెప్పాను. ఆ దారిలో ఒకటో రెండో కణాలు చిక్కుకోవచ్చు, కానీ వాటివల్ల మనుషులు పోయినట్టు మా లెక్కల్లో లేదు, రెండో కోత వల్ల నెలలు పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం ఉన్నారు అన్నాను. ఆ మాట చెబితే వద్దంటుందేమోనని భయపడ్డాను. ఆమె నా ముఖం చూసింది.

"ఇంతవరకు నాకు సగం చెప్పినోళ్ళే గానీ తెలియనిది తెలియదని చెప్పినోళ్ళు లేరు. వేయమను."

61వ ఏడు, 61వ దినం

కోత కోసం రాసిన తేదీన సూది వేశారు. డాక్టరమ్మ చేతికి అలవాటు తప్పింది. ముందు రోజంతా నురుగు దిండు మీద గుచ్చుతూ కూర్చుంది. మస్తానమ్మకు తిమ్మిరి మందు ఇచ్చి ఐదు ముక్కలు తీశారు. అంతా అరగంట కూడా కాలేదు. చిన్న దూది అంటించుకుని, మధ్యాహ్నం పనికి పోవచ్చా అని అడిగింది.

చదువరి సాయంత్రానికి చెప్పింది. క్యాన్సరే. అయితే మందుకు కరిగే రకం. చంకలో ఒక బిళ్ళ కూడా ఉంది. గడ్డ ఇంకా ఒంట్లోనే ఉంది కాబట్టి ముందు మందు ఎక్కించి, అది ఎంత కరుగుతుందో కొలిచి, తర్వాత కోయవచ్చు. మునుపటిలా ముందే కోసి ఉంటే మందు పనిచేస్తోందో లేదో కొలవడానికి ఏమీ మిగిలేది కాదు.

నేనే పోయి చెప్పాను. ఆమె వింటూ ఉంది. ఆ పూట మాత్రం ఏడ్చింది.

61వ ఏడు, 214వ దినం

ఐదు నెలల మందు అయ్యింది. మస్తానమ్మ జుట్టు పోయింది, నోరు పూసింది, రెండుసార్లు జ్వరంతో వారం వారం పడుకుంది. సొరంగంలో ఆమె పని పక్కవాళ్ళు పంచుకున్నారు. గడ్డ చింతగింజంత అయ్యింది. ఈ పొద్దు కోశారు.

ముక్కకు సిరా పూసింది నేనే. మైనం, పలక, యంత్రం. నాలుగు వైపులా సిరాకూ రోగానికీ మధ్య ఖాళీ ఉంది. చంక బిళ్ళలో రోగం పోయిన మచ్చ మాత్రమే మిగిలింది. ఆమెకు రెండో కోత లేదు.

పదేళ్ళ తర్వాత ఏమౌతుందో ఈ పుస్తకంలో రాయగలిగేది నేను కాదు. ఆ పని తర్వాతివాళ్ళది.

ఈ ఏడు మస్తానమ్మ తర్వాత ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ సూదే. ఒకామె భయపడితే మస్తానమ్మ గుడ్డ కట్టుకున్న తలతో వచ్చి పక్కన కూర్చుంది. ఆమెను ఎవరూ పిలవలేదు.

62వ ఏడు, 19వ దినం

డాక్టరమ్మ ఒక పని మొదలుపెట్టింది. ముందే కోత పడిన నలభై తొమ్మిది మందిలో బతికున్నవాళ్ళ ఇళ్ళకు, పోయినవాళ్ళ ఇళ్ళకు పోయి, ఇట్లా చేశాం, ఇంకో దారి ఉండి కూడా చేశాం అని తన నోటితో చెబుతోంది. అడిగినవాళ్ళకు లెక్క చూపించడానికి నేను వెంట పోతున్నాను. వద్దన్నవాళ్ళు ఉన్నారు. పెద్దల సభలో ఒకాయన, అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతావమ్మా అన్నాడు. ఆమె తర్వాతి ఇంటికి నడిచింది.

ఖాజాబీ తలుపు దగ్గరే నిలబెట్టి విని, లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకుంది. చదువరి వచ్చాక కోసినవాళ్ళలో ఆమె ఒకతె. మేము కాసేపు అక్కడే నిలబడి వచ్చేశాం. ఇంకో ఇంట్లో ముసలామె డాక్టరమ్మ చేయి పట్టుకుని, నువ్వు తిన్నావా అని అడిగింది.

ఈ పొద్దు మా బావ ఇల్లు. చంద్రాయుడు బావ దీపాలు బాగుచేసే పని చేస్తాడు. మమ్మల్ని చూడగానే సంగతి తెలిసింది, బిలంలో ఏదీ దాగదు. చాప పరిచాడు. అక్క కూతురు పద్నాలుగేళ్ళ పిల్ల, నీళ్ళు తెచ్చి పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది. లోపలికి పొమ్మని బావ అనలేదు.

డాక్టరమ్మ చెప్పింది. "సుబ్బరత్నను నేను రెండుసార్లు కోసినాను. అప్పటికి చదువరి లేదు. అయినా సూది ఉండింది, ఇలియాస్ వదిలిపెట్టి పోయినదే నా బీరువాలో ఉండింది. జనానికి భయపడి తీయలేదు. తీసుంటే ఆమె బతికేదని నేను చెప్పలేను. రెండు నెలలు మాత్రం మిగిలేవి."

బావ తల వంచుకుని విన్నాడు. చేతిలో ఉన్న దీపం తీగను చుట్టడం, విప్పడం. కోపం వస్తే బాగుండు అనిపించింది నాకు. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో అక్క రోగం గురించి ఎవరమూ మాట్లాడలేదని అప్పుడే గుర్తొచ్చింది.

చివరికి బావ తల ఎత్తి కూతురి వైపు చూశాడు.

"మా పాపకు ఎన్నేళ్ళ నుంచి చూపించల్ల, డాక్టరమ్మా?"

"ఇరవై ఐదు నుంచి. ఏడాదికోసారి. అంతకు ముందే ఏదైనా తగిలితే ఆ దినమే తీసుకురా."

"అప్పుడైనా కోతకు ముందు సూదే కదా?"

"సూదే."

బావ తల ఊపి, గోడ దగ్గరున్న పిల్లతో, "వింటివా?" అన్నాడు.

"వింటి నాయనా," అంది పాప.